తీగ నెమ్మదిస్తే తప్పెక్కడ?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కచేరీలో కన్నడం మాట్లాడతాం. ఈ మధ్య మనకు రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే మాట ఒకటి వచ్చి చేరింది. అదే "నెట్ స్లో". తాలూకాఫీసులో ఆ మాటే, సేవా కేంద్రంలో ఆ మాటే, బడిలోనూ ఆ మాటే. ఆ మాట చెప్పగానే ఎదుటి మనిషి తలూపి వెనక్కు వెళ్ళిపోతాడు. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. వానదో, కరెంటుదో అన్నట్టు ఊరుకుంటారు.

నేనూ అలా తల ఊపించి ఒక తండ్రిని మూడుసార్లు వెనక్కు పంపినవాణ్ణే. ఆయన కూతురు మా బడిలో చదివింది. విద్యార్థి వేతనానికి దరఖాస్తు పెట్టాలి. ఆదాయ పత్రం, ఫోటో, బ్యాంకు పుస్తకం కాపీ, అన్నీ కంప్యూటరులో ఎక్కించాలి. మా బడిలో బల్ల మీద పెట్టిన పెద్ద కంప్యూటరు ఉంది, దానికి తీగతో నెట్ ఉంది. పేరూ ఊరూ నింపేదాకా బాగానే నడిచేది. కాగితాలు ఎక్కించే చోటికి వచ్చేసరికి గుండ్రటి గుర్తు తిరిగి తిరిగి, చివరకు "సమయం ముగిసింది" అని వచ్చేది. "సార్, ఇంగ రేపు రమ్మంటారా?" అని ఆయన అడిగేవాడు. రమ్మనేవాణ్ణి. రేపు రావడమంటే ఆయనకు ఒక రోజు కూలి పోవడం. నేను ఆ సంగతి ఆలోచించలేదు. తప్పంతా నెట్ ఇచ్చేవాళ్ళదేనని ఫోనులో గట్టిగా మాట్లాడి, నా పని అయిపోయిందనుకున్నాను.

చివరకు తప్పు ఎక్కడ దొరికిందో ఈ ప్రసంగం ఆఖరున చెబుతాను. అంతకుముందు తీగ కథ కొంత వినండి. ఎందుకంటే ఈనాడు మన బల్ల కింద వచ్చే ప్రతి చిక్కూ ఎప్పుడో ఎక్కడో ఎవరికో ఎదురైనదే. వాళ్ళు దాన్ని విప్పిన తీరు తెలిస్తే మనకు సగం పని తగ్గుతుంది.

మన దేశంలో తంతి ప్రయోగం మొట్టమొదట 1839లో కలకత్తా దగ్గర జరిగింది. చేసినవాడు ఓషానెస్సీ అనే వైద్యుడు. 1854 నాటికి తంతి ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తంతి సేవ 2013 జులైలో ముగిసింది. మీలో పెద్దవాళ్ళకు తంతి అనగానే గుండె దడదడలాడిన రోజులు గుర్తుండే ఉంటాయి.

అయితే తీగ మీద "నెమ్మది" అనే జబ్బు లోకానికి బాగా తెలిసింది 1858లో. ఆ ఏడు ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం అడుగున ఐర్లండు నుంచి న్యూఫౌండ్లాండుకు తీగ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి 98 మాటల సందేశం పంపింది. అది చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. తీగ నెమ్మదిగా ఉందని దాని బాధ్యత చూసే వైట్‌హౌస్ అనే ఆయన ఏం చేశాడంటే, విద్యుత్తు బలం పెంచాడు. రెండు వేల వోల్టుల దాకా ఎక్కించాడు. తీగ వేగం పుంజుకోలేదు సరికదా, కొద్ది వారాల్లోనే చచ్చి ఊరుకుంది. విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త మాత్రం మొదటి నుంచీ వేరే మాట చెప్పాడు. పొడవైన తీగలో సంకేతం నీళ్ళలో సిరా చుక్కలా పరచుకుపోతుంది, కనుక తీగను మంచి రాగితో చెయ్యండి, పొర గట్టిగా వెయ్యండి, అవతల సున్నితమైన పరికరం పెట్టండి అన్నాడు. 1866లో ఆ పద్ధతినే వేసిన తీగ నిలిచింది.

ఇందులో మనకొక పాఠం ఉంది. మన సీమలో కరెంటు తీగ సంగతి వేరు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్ల దూరం విద్యుత్తు పంపారు. అప్పట్లో మన తాలూకాలన్నీ కోలారు జిల్లావే. 2007లో గదా చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది. కరెంటు తీగలో వోల్టేజి పెంచితే దూరం పోతుంది, నష్టం తగ్గుతుంది. మాటను మోసే తీగలో బలం పెంచితే అలా జరగదు. మనం ఈనాటికీ వైట్‌హౌస్ చేసిన తప్పే చేస్తుంటాం. నెట్ నెమ్మదిగా ఉందనగానే, ఎక్కడ లోపమో చూడకుండా, ఇంకా ఎక్కువ వేగం ఉన్న ప్లానుకు డబ్బు కడతాం. తీగలోనే లోపముంటే పెద్ద ప్లాను ఏం చేస్తుంది?

ఇప్పుడు మన ఊళ్ళ టెలిఫోను దగ్గరకు వద్దాం. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకున్న రోజులు పోయి, పల్లెలకు ఎక్స్ఛేంజీలు రావడానికి పెద్ద కారణం 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ. 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని వాళ్ళు తయారుచేశారు. దానికి ఏసీ గది అక్కరలేదు. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుంటుంది. దాన్ని మొదట పెట్టింది 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో. ఆ తరువాత పల్లె పల్లెకూ రాగి తీగ వచ్చింది, రోడ్డు పక్కన పసుపు రంగు ఎస్‌టీడీ బూతులు వెలిశాయి.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ప్రారంభించారు. అప్పుడు అది టెలిఫోను తీగ మీదే, మోడెం ద్వారా. కీచుమని కూత పెట్టి కలిసేది. నెట్‌లో ఉన్నంతసేపూ ఆ ఫోనుకు ఇంకెవరూ ఫోను చెయ్యలేరు. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు కనీసం 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరి నుంచి భారత్ సంచార్ నిగమ్ అదే పాత రాగి తీగ మీద ఫోనూ నెట్టూ రెండూ ఒకేసారి నడిపించింది. ఆ కనీస వేగమే 2023లో సెకనుకు 2 మెగాబిట్లయింది.

రాగి తీగలో ఒక స్వభావముంది. ఎక్స్ఛేంజీ నుంచి దూరం పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. ఊరి నడుమ ఉన్నవాడికి వచ్చినంత వేగం నాలుగైదు కిలోమీటర్ల అవతల తోట ఇంట్లో ఉన్నవాడికి రాదు. ఇద్దరూ కట్టేది ఒకే డబ్బు. మనకు ఇది కొత్త న్యాయం కాదు. చెరువు తూము దగ్గర ఉన్న మడికి, కాలువ చివర ఉన్న మడికి నీళ్ళు ఒకేలా పారవు గదా!

ఆ దూరం బాధ తీర్చింది గాజు తీగ. దారమంత సన్నని గాజులో వెలుగు పంపి మాట మోయించవచ్చని 1966లో చార్లెస్ కావ్ నిరూపించాడు. గాజులోని మలినం తీసేస్తే వెలుగు చాలా దూరం పోతుందన్నాడు. దానికే 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో పంచాయితీలన్నిటికీ గాజు తీగ వెయ్యాలని 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ముందు ప్రయోగంగా ఎంచుకున్న మూడు బ్లాకుల్లో ఒకటి మన తెలుగు నేల మీదిదే, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని పరవాడ. 2015లో ఈ పథకానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు.

సరే, గాజు తీగ ఊరి దాకా వచ్చింది, గోడ దాకా వచ్చింది. అక్కడ గోడకు బిగించిన చిన్న పెట్టె ఉంటుంది. ఆ పెట్టె నుంచి కంప్యూటరు దాకా ఉండే నాలుగు బారల తీగ మాత్రం రాగిదే. మనవాళ్ళు దాన్ని లాన్ కేబుల్ అంటారు. దాని కథ 1973 మే నెలలో అమెరికాలో, జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో మొదలైంది. రాబర్ట్ మెట్‌కాఫ్ అనే యువకుడు ఒక భవనంలోని కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగతో కలిపే పద్ధతి రాసి ఇచ్చాడు. దాని పేరు ఈథర్‌నెట్. దాని వేగం అప్పట్లో సెకనుకు సుమారు 3 మెగాబిట్లు. తరువాత అది 10 అయింది, 1995లో 100 అయింది, 1999లో రాగి తీగ మీదే 1000 అయింది.

ఆ తీగను కోసి చూస్తే లోపల ఎనిమిది పోగులుంటాయి. రెండేసి చొప్పున నాలుగు జతలు. ప్రతి జతా పురి పెట్టి ఉంటుంది. శిడ్లఘట్టలో పట్టు దారానికి పురి పెట్టడం చూసినవారికి ఇది వేరే చెప్పక్కరలేదు. ఈ పురి ఎందుకంటే, పక్కన పోయే కరెంటు తీగ అల్లరి రెండు పోగుల మీదా సమానంగా పడి, ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. దీన్ని 1881లోనే గ్రాహం బెల్ కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇందులో గమనించవలసింది ఇంకొకటుంది. 100 మెగాబిట్ల వేగానికి నాలుగు పోగులు చాలు. 1000కి ఎనిమిదీ కావాలి. ఎలుక కొరికో, తలుపు సందులో నలిగో మిగతా నాలుగు పోగుల్లో ఒకటి తెగితే, తీగ చాలాసార్లు పని మానదు. మారుమాట లేకుండా 100కో 10కో దిగి నడుస్తూనే ఉంటుంది. మనం "నెట్ ఉంది కదా" అనుకుంటాం.

ఇక్కడ మన చిన్న రైలు గుర్తుకొస్తుంది. యలహంక నుంచి చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి మీదుగా కోలారు పోయే లైను రెండడుగుల ఆరంగుళాల వెడల్పుది. ముందు చిక్కబళ్ళాపురం దాకా పెద్ద లైను పడింది. చింతామణి మీదుగా కోలారు దాకా పెద్దదయ్యేసరికి 2013 అయింది. ఆ మధ్యకాలంలో బెంగళూరు నుంచి ఎంత పెద్ద బండి వచ్చినా చిక్కబళ్ళాపురంలో దిగి మారవలసిందే. నెట్‌కూ అదే న్యాయం. దారిలో అన్నిటికన్నా ఇరుకైన ముక్క ఎంతో, మీ వేగం అంతే. ఆ ముక్క ఎక్కడుందో వెతకడమే అసలు పని.

వెతకడం ఎలా? దీనికీ ఒక కథ ఉంది. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన చిన్న ప్రోగ్రాము రాశాడు. ఒక కంప్యూటరు ఇంకొకదాన్ని "ఓయ్" అని పిలుస్తుంది, అవతలిది "ఓయ్" అంటుంది. ఎంతసేపటికి పలికిందో లెక్క కడుతుంది. నీళ్ళలో మునిగిన ఓడను కనిపెట్టే సోనార్ శబ్దం మీద దానికి పింగ్ అని పేరు పెట్టాడు. ఈనాటికీ ప్రతి కంప్యూటరులోనూ అది ఉంది. పొలం గట్టు మీద నిలబడి అవతల గట్టు మీదివాణ్ణి కేకేసినట్టే. ముందు గోడ మీది పెట్టెను పిలవండి. అది వెంటనే, ప్రతిసారీ పలికితే మీ గది వరకు బాగున్నట్టు. అప్పుడు బయటి ఊళ్ళోని కంప్యూటరును పిలవండి. అది తడబడితే తప్పు గోడ అవతల ఉంది. పెట్టే తడబడితే తప్పు మీ గదిలోనే ఉంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన కథ 1986 అక్టోబరుది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ, దాని పక్క పరిశోధనశాలకూ మధ్య దూరం నాలుగు వందల గజాలు. ఆ తీగ వేగం సెకనుకు 32 వేల బిట్లు. ఉన్నట్టుండి అది 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదండీ, ఉత్త నలభై. తీగ తెగలేదు. వాన్ జాకబ్సన్ అనే శాస్త్రవేత్త కారణం వెతికాడు. ప్రతి కంప్యూటరూ తను పంపిన ముక్కకు జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది, మళ్ళీ రాకపోతే మళ్ళీ పంపుతుంది. అందరూ అలా పంపేసరికి తీగ నిండిపోయి ఎవరి మాటా చేరలేదు. జాతరలో ఒకే సందులో అందరూ తోసుకున్నట్టు. 1988లో ఆయన ఉపాయం ప్రకటించాడు. జవాబు రాకపోతే రద్దీ ఉందని తెలుసుకుని, తోసుకోవడం మాని వేగం తగ్గించుకో, జవాబులు వస్తుంటే కొద్దికొద్దిగా పెంచుకో. ఈ మర్యాద నేర్చుకోబట్టే ఇంటర్నెట్ ఆనాడు కూలిపోకుండా నిలబడింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మా బడి చిక్కు ఇక్కడే ఉంది. ముక్క పోయిందంటే రద్దీ అనే కంప్యూటరు అనుకుంటుంది. నలిగిన తీగ వల్ల పోయినా దానికి తేడా తెలియదు. రద్దీ ఏమో అని పాపం మర్యాదగా వేగం తగ్గించుకుంటుంది. మళ్ళీ పోతే ఇంకా తగ్గించుకుంటుంది. తీగలో కొద్దిపాటి లోపం ఉంటే చాలు, నెట్ మొత్తం నత్తనడకకు వస్తుంది. కాగితాలు ఎక్కించేటప్పుడు పెద్ద మూట పంపాలి. అందుకే మా దరఖాస్తు ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది.

మూడోసారి ఆ తండ్రి వెళ్ళిపోయాక, ఆ పిల్లే నన్ను ఒక మాట అడిగింది. "సార్, మీ ఫోనులో అదే నెట్ కదా, అందులో బాగానే వస్తుందే?" నిజమే. గోడ మీది పెట్టె పక్కన నిలబడి చూస్తే ఫోనులో చకచకా వస్తోంది. పెట్టె దాకా నెట్ బాగున్నట్టే గదా! అప్పుడు కూర్చుని పెట్టెను పింగ్ చేశాను. వంద పిలుపుల్లో ముప్పై దాకా జవాబు రాలేదు. నాలుగు బారల దూరంలో ఉన్న పెట్టె! కంప్యూటరులో నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే, 1000 ఉండవలసిన చోట 10 అని ఉంది. ఇద్దరం వంగి బల్ల వెనక చూశాం. ఇనుప బెంచీ కాలు తీగ మీద ఉంది. సెలవుల్లో గది ఊడ్చి బెంచీలు జరిపినప్పుడు ఎక్కించింది నేనే. కొత్త తీగ తెచ్చి తగిలిస్తే, ఆ సాయంత్రమే దరఖాస్తు వెళ్ళింది. గడువుకు ఇంకా రెండు రోజులుంది. ఆ తండ్రి పోగొట్టుకున్న మూడు రోజుల కూలి మాత్రం తిరిగి రాలేదు. అంతకు ముందు ఫోనులో నేను కేకలేసిన ఆ ఉద్యోగికి తరువాత ఫోను చేసి, తప్పు మాదేనని చెప్పుకున్నాను.

కనుక శ్రోతలారా, మీ ఇంట్లోనో, అంగట్లోనో, బడిలోనో తీగ నెట్ నెమ్మదిస్తే ఈ వరుసలో చూడండి. మొదట లెక్క సరిచూసుకోండి. ప్లానులో చెప్పేది బిట్లలో, దింపుకునేటప్పుడు తెర మీద కనబడేది చాలాసార్లు బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల ప్లానుకు తెర మీద 12 వస్తే అది మోసం కాదు, అంతే రావాలి. రెండోది, ఆ సమయంలో కంప్యూటరు తనంతట తాను ఏవైనా దింపుకుంటోందా, ఇంట్లో ఇంకెవరైనా పెద్ద వీడియో పంపుతున్నారా చూడండి. మూడోది, పెట్టె పక్కన ఫోనుతో పోల్చండి. ఫోనూ నెమ్మదిగా ఉంటే తప్పు బయట, ఫోను బాగుంటే తప్పు లోపల. నాలుగోది, కంప్యూటరులో తీగ వేగం 10 అని ఉందో, 100 అని ఉందో, 1000 అని ఉందో చూడండి. కంప్యూటరు గాని పెట్టె గాని పాతదైతే 100 దాటకపోవడం దాని గుణమే, జబ్బు కాదు. అయిదోది, తీగ మార్చి చూడండి. అది వంద మీటర్లు దాటకూడదు, కరెంటు తీగతో కలిపి కట్టకూడదు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా వేగం రాకపోతే, అప్పుడు ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, వచ్చిన వేగం మూడు రోజులు రాసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. రాత్రి మాత్రమే తగ్గితే అది ఊళ్ళో రద్దీ. ఎప్పుడూ తగ్గితే లైనులో లోపం. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని ఫిర్యాదు చెయ్యండి. కేకలకు వచ్చే జవాబు వేరు, లెక్కకు వచ్చే జవాబు వేరు.

ఇప్పుడు మన పిల్లల దరఖాస్తు, రైతు పహణీ, ముసలివాళ్ళ పింఛను అన్నీ ఆ తీగ మీదే నడుస్తున్నాయి. కౌంటరు ఇవతల నిలబడినవాడికి ఈ సంగతులేవీ తెలియవు. అవతల కూర్చున్న మనం "నెట్ స్లో" అన్నామంటే అతనికి అదే ఆఖరు మాట. ఆ మాట అనే ముందు ఒక్కసారి వంగి బల్ల కింద చూద్దాం.

ఆ పిల్లకు వేతనం మంజూరైంది. ఇప్పుడు చింతామణిలో చదువుకుంటోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బడికి వచ్చి, ముందుగా ఆ బెంచీ ఎక్కడుందో చూసింది.